స్త్రీవస్త్రపదములు : 'వస్త్రవిశేషము' అను అర్థము చాలునా?

కావ్యమునకు వ్యాఖ్య వ్రాయువారికిని, నిఘంటువు కూర్చువారికిని ఎదురగు పెద్ద చిక్కులను గూర్చి మన పరిశోధకులు చాల వ్రాసియున్నారు. పైకి చిన్నవిగా కన్పట్టి, చదువరిని లోలోన తప్పుదారి పట్టించు చిక్కులును కొన్ని కలవు. స్త్రీలు ధరించు వస్త్రములకు, ఆ వస్త్రముల భాగములకు తెలుగున గల పేళ్లు అట్టివి. కొంగు, చెఱగు, అంచు, పయ్యెద, కుచ్చెళ్లు, పోకముడి, గోచి, ఒడి, రవిక, పరికిణి, ఓణి - వీనిని ఎఱుగని తెలుగువారు లేరని మన నమ్మకము. ఆ నమ్మకముచేతనే వీని యర్థమును విచారించుట మనకు అంత ముఖ్యముగా తోపదు.

కొన్నియేండ్ల క్రిందట తరగతిలో ఒక ప్రబంధమును బోధించుచుండగా పోకముడి యను పదము వచ్చినది. 'చీరముడి' యని అర్థము చెప్పి ముందునకు సాగబోతిమి. "చీరకు ముడి యెక్కడ నుండునండీ?" అని ఒక విద్యార్థిని అడిగినది. ఆమె ఆనాడు చీర కట్టుకొనియే తరగతికి వచ్చినది; ఆ చీరకు ముడి లేదు. మేము బదులు చెప్పలేకపోతిమి. ఈ వ్యాసమునకు ఆ ప్రశ్నయే మూలము.

1. నిఘంటువుల తీరు

మన నిఘంటువులలో 'వృక్షవిశేషము', 'పక్షివిశేషము', 'వస్త్రవిశేషము' అను మాటలు తఱచు అర్థములుగా కన్పట్టును. ఇది నిఘంటుకారుల అలసత్వము కాదు. మన నిఘంటుసంప్రదాయము పుట్టిన తీరే దీనికి కారణము. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహము వంటి పద్యనిఘంటువుల ధ్యేయము పర్యాయపదములను ఒకచో కూర్చి యందించుట. గణమునకో ప్రాసకో ఒదుగు మాట కావలసిన కవికి ఆ పద్ధతి మేలు చేసినది. కాని పర్యాయములుగా ఒక వరుసలో నిలిచిన పదములు ఒకే యర్థము కలవి యను భ్రాంతి దానివలననే కలిగినది.

బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో ప్రకటించిన శబ్దరత్నాకరమును, 1936లో ప్రథమసంపుటము వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువును కావ్యప్రయోగములను ప్రమాణముగా గొని భాషకు చేసిన సేవ సామాన్యమైనది కాదు. అయినను ప్రయోగమునుండి అర్థమును గ్రహించువారు ప్రయోగము చూపినంత మేరకే చూడగలరు. కావ్యము చీరను వర్ణించును గాని చీర కట్టుట నేర్పదు.

కావ్యములను వదలి జనుల నోట నున్న పదములను ఏరుకొన్న ప్రయత్నము మనకు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు సిద్ధపఱచిన మాండలిక వృత్తిపదకోశములలో వ్యవసాయపదముల సంపుటము 1962లోను, చేనేతపదముల సంపుటము 1971లోను వెలువడినవి. చేనేతసంపుటము మన విషయమునకు మిక్కిలి దగ్గఱిది. కాని అది నేయువారి పదములకు కోశము; కట్టువారి పదములు దాని పరిధిలోనివి కావు. ఈ రెండును వేఱని గుర్తించుటయే మన విచారమునకు తొలిమెట్టు.

వస్త్రమునకు పేళ్లు మూడు తెఱగుల వచ్చును. నూలునుబట్టి, నేతనుబట్టి, నేసిన యూరినిబట్టి వచ్చునవి మొదటి తెఱగు. పాల్కురికి సోమనాథుడు పేర్కొన్న వస్త్రనామములు మొదలు నేటి గద్వాల, వేంకటగిరి, ఉప్పాడ, పోచంపల్లి చీరలవఱకు నున్న పేళ్లు ఇందు చేరును. సురవరము ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘికచరిత్ర (1949) వెలువడిన నాటినుండి వీనిని గూర్చి పరిశోధకులకు కొంత శ్రద్ధ కలిగినది. కట్టినప్పుడు వస్త్రములో ఏర్పడు భాగములనుబట్టి వచ్చునవి రెండవ తెఱగు. కుట్టిన రూపమునుబట్టి వచ్చునవి మూడవ తెఱగు. మా విచారము ముఖ్యముగా రెండవ తెఱగు పదములను గూర్చియే. నిఘంటువులు ఎక్కువగా తడబడినది ఇచ్చటనే.

2. చీర యెవరిది?

ముందుగా ఒక హెచ్చరిక. నేడు చీర యనగా స్త్రీల వస్త్రమే. ప్రాచీనకావ్యములలో అట్లు కాదు. సంస్కృతమున చీరశబ్దమునకు నారబట్ట, బట్టపేలిక అని యర్థములు. రామలక్ష్మణులు నారచీరలు కట్టి అడవికేగిరని నేటికిని చెప్పుకొందుము. ఆ మాటలో పాత యర్థము నిలిచియున్నది. కోక, పుట్టము, వలువ అనునవియు వస్త్రసామాన్యవాచకములే. పుట్టమునకు తమిళమున పుడవై యని సజాతీయపదము కలదు. అది అక్కడ స్త్రీల చీరకే ప్రసిద్ధమైనది. తెలుగున పుట్టము వాడుకనుండి తొలగి కావ్యములకు పరిమితమైనది. వస్త్రసామాన్యమునకు పేరైన పదము క్రమముగా స్త్రీవస్త్రమునకు మాత్రమే పేరగుట అర్థసంకోచమునకు మంచి యుదాహరణము. కావున పాతకావ్యమున చీర యని కన్పట్టినంతనే కుచ్చెళ్లు, పైట కల నేటి చీరను భావించుట తగదు.

3. కొంగు, చెఱగు, పయ్యెద

అంచు, చెఱగు, కొంగు, పయ్యెద - ఈ నాల్గింటిని వ్యాఖ్యలలో ఒకదానికొకటి బదులుగా వాడుట పరిపాటియైనది. వాడుకను కొంచెము శ్రద్ధతో చూచినచో ఇవి నాలుగు వేర్వేఱు విషయములను చెప్పుచున్నవని తేలును.

అంచు నిలువున బట్ట పొడవునా సాగు వేఱునేత. చెఱగు బట్టకు ఏ ప్రక్కనైనను గల కొస. కన్నడమున దీనికి సజాతీయమగు సెరగు స్త్రీల కొంగునకే ముఖ్యముగా పేరైనది. తెలుగు చెఱగు అంత సంకోచము పొందలేదు. కొంగు బట్ట పొడవున కడపటి భాగము. అది స్త్రీల చీరకే కాక పురుషుని పంచెకు, కండువకును కలదు. పెండ్లిలో వధువు కొంగును వరుని ఉత్తరీయపు కొంగుతో ముడివేయుట ఇందుకు సాక్ష్యము.

పయ్యెద యట్లు కాదు. పై, ఎద అను రెండు మాటలు కలిసిన రూపమది. వాడుకలో పయిట, పైట, పమిట యైనది. ఆ పదము వస్త్రభాగమును చెప్పుట లేదు. వస్త్రము ఒంటిపై నిలిచిన చోటును చెప్పుచున్నది. ఈ భేదమునకు మూడు సాక్ష్యములు చూపగలము.

మొదటిది సమాసము. పైటకొంగు, పైటచెంగు అని జనులు వాడుదురు. పైటయు కొంగును ఒకటే యైనచో ఈ మాటలు పునరుక్తులు కావలసివచ్చును. పైటగా వేసిన కొంగు అనియే వీనికి సరియైన యర్థము.

రెండవది ఓణి. పరికిణి కట్టిన కన్నెపిల్ల వేసికొను ఓణి చీరలో భాగము కాదు, వేఱుబట్ట. అయినను ఆ పిల్ల 'పైట వేసికొన్నది' అనియే అందురు. చీరయే లేనిచోట పైట యుండగలిగినప్పుడు పైట చీరకొంగునకు పర్యాయము ఎట్లగును?

మూడవది జాతీయములు. కొంగుబంగారము, కొంగున ముడివైచుకొనుట, కొంగు చాచుట, కొంగు పట్టుట - ఇవన్నియు కొంగును ఒక వస్తువుగా, దాచుకొను సంచిగా, అడుగుకొను పాత్రగా, పట్టుకొను ఆధారముగా చూపుచున్నవి. 'పైటబంగారము' అని యెవరును అనరు. పైట జారును, పైటను సవరించుకొందురు, పైట వేయు వయసు వచ్చును. ఆ మాటలన్నిటిలోను ఒంటిపై చోటు, మానము, వయసు వీని ప్రసక్తియే కలదు.

గద్వాలచీరలో దేహము నూలుది, అంచులును కొంగును పట్టువి. నేతగానికి కొంగు వేఱుగా తలచి నేయవలసిన భాగము. కాని అతనికి పైట లేదు. మగ్గముపై కొంగుగా నున్నదే ఒంటిపై పైట యగును. తలపై నిలిచినచో ముసుగగును. నడుముముందు పట్టి ధాన్యమో పూలో పోసికొన్నచో ఒడి యగును. బట్ట ఒకటే, పని మాఱినప్పుడెల్ల పేరు మాఱుచున్నది. తెలంగాణమున ఆడపడుచునకు పోయు ఒడిబియ్యము ఈ ఒడిలోనివే. దుష్కార్యమునకు 'ఒడిగట్టుట' యను మాటలోని ఒడియు ఇదియే యని మేము తలంతుము. బరువును మోయ సిద్ధపడి బట్టను బిగించుటయే ఆ మాటకు మూలముగా తోచుచున్నది.

4. ఒక పరీక్ష : ఏకవస్త్ర

ఇట్టి విచారమువలన కావ్యార్థమునకు ఏమి లాభమని అడుగవచ్చును. సంస్కృతభారతసభాపర్వమున సభకు ఈడ్వబడిన ద్రౌపది ఏకవస్త్రయై యుండెనని చెప్పబడినది. నేటి చదువరికి ఈ విశేషణము స్పష్టముగా తగులదు. చీర కట్టు ప్రతి స్త్రీయు ఒక చీరయే కట్టును గదా, ఇందు విశేషమేమి యని తోచును. అమరకోశము అంతరీయమును, ఉత్తరీయమును వేర్వేఱు వరుసలలో పేర్కొన్నది. నడుమునకు ఒకటి, పైకి ఒకటి యను రెండువస్త్రముల పద్ధతి ఆ కాలపుది. ఆ పద్ధతిలో ఏకవస్త్ర యనగా పైవస్త్రము లేనిది. రజస్వలయై, ఏకవస్త్రయై, గురుజనులయెదుట నిలువవలసివచ్చిన ఆమె యవస్థ అప్పుడు గాని బోధపడదు. ఒక్క విశేషణమునకు వెనుకనున్న కట్టు తెలియనిచో ఆ ఘట్టములోని ఘోరములో కొంత మనకు అందకపోవును.

తెలుగుకావ్యములలోని పయ్యెదకును ఇదే చిక్కు కలదు. ఆ పయ్యెద కట్టిన చీర కొంగా, వేఱుగా కప్పిన పైవస్త్రమా? పదము చోటునే చెప్పును గావున రెండిటికిని చెల్లును. ఆ పద్యమున పయ్యెదతో పొందికయైన క్రియ యేది, కొంగు ప్రసక్తి యున్నదా, వేఱువస్త్రమును తీసినట్లో యిచ్చినట్లో యున్నదా యని చూచి నిర్ణయింపవలయును. 'పయ్యెద = చీరచెఱగు' అని అన్నిచోట్ల వ్రాసిపోవుట వ్యాఖ్య కాదు.

5. నీవి, పోకముడి, కుచ్చెళ్లు

ఇక మమ్ము తరగతిలో నిలువరించిన పదము. పోకముడికి నీవి యని నిఘంటుకారులు అర్థము చెప్పుదురు. అమరకోశమున నీవి స్త్రీల కటివస్త్రబంధము. ఆ శబ్దమునకే మూలధనమను నర్థమును అందు కలదు. నడుమున ముడివైచి కాపాడుకొను ధనమే నీవియై యుండునని మా యూహ. మన కొంగుబంగారమును దానిప్రక్క నిలిపి చూచినచో ఈ యూహ నిరాధారము కాదని తోచును.

ముడి యెక్కడ నుండునను ప్రశ్నకు సమాధానము గ్రంథములలో మాకు దొరకలేదు. మా యింటి వృద్ధురాలు ఒకామె చేసి చూపినది. లోపావడ లేని కట్టులో చీరను నడుమునకు చుట్టి, బట్టనే మెలివేసి, నడుముముందు బిగించి ముడివేయుదురు. ఆ ముడి పోకకాయయంత, గట్టిగా, గుండ్రముగా నేర్పడును. కుచ్చెళ్ల బరువంతయు దానిపైననే నిలుచును. అది వదలినచో కట్టంతయు వదలును. కవులు శృంగారఘట్టములలోను, భయసంభ్రమములలోను ఈ ముడిని ఏల తలచిరో అప్పుడు తెలిసినది. అది అలంకారము కాదు, కట్టుకు ఆయువుపట్టు.

లోపావడయు దాని బొందును వాడుకలోనికి వచ్చిన పిమ్మట కుచ్చెళ్లను ఆ బొందులో దోపుట యలవాటైనది. బరువు ముడినుండి బొందునకు మాఱినది. ముడితో పని తీఱినది. పోకముడి కావ్యములలో మిగిలినది. కుచ్చెళ్లు మాత్రము చీరలోను నిలిచినవి, వాడుకలోను నిలిచినవి. పదము బ్రతుకుట, చచ్చుట అది చేయు పనినిబట్టియే యని చెప్పుటకు ఇంతకంటె తేటయైన యుదాహరణము వలదు. వెనుకకు దోపు గోచికట్టును ఇట్లే పరిశీలింపదగినది. పెద్దవయసు స్త్రీలలోను, మడికట్టులోను నిలిచినంతవఱకే ఆ పదము నిలుచును.

ఇచ్చట ఒక వింతను పేర్కొనక తప్పదు. ఆంగ్లమున వెలువడిన వస్త్రగ్రంథములలో కుచ్చెళ్లు ముందునకు, కొంగు ఎడమభుజముపైకి వచ్చు నేటి చీరకట్టును 'నీవి' యని పేర్కొని, దానిని ఆంధ్రదేశమునకు ముడివెట్టుట పరిపాటియైనది. షాంతాల్ బులాంజె 1997లో ప్రకటించిన చీరకట్టుల గ్రంథమునను నీవి యను పేర ఒక కుటుంబము కలదు. ఆమె కట్టులను స్వయముగా చూచి, కట్టినవారి చేతులనుండి నేర్చి వర్ణించిన పద్ధతి మనకు అనుసరణీయము. కాని ఆ పేరును మన విద్యార్థులు తెలుగుపదముగా గ్రహించి తిరిగి మన వ్యాసములలో వ్రాయుచున్నారు. మేమెఱిగిన తెలుగు స్త్రీలలో 'నీవికట్టు' అన్నవారు లేరు. తెలుగుకావ్యమున నీవి ముడియే; కట్టు కాదు. పైగా ఆ పేరు పొందిన నేటి కట్టులో ముడియే లేదు! లేనిదాని పేరు ఉన్నదానికి పెట్టబడినది. గ్రంథములలో నిలిచిన పారిభాషికపదమును పారిభాషికముగానే వాడవచ్చును. దానిని ఆధారముగా గొని ప్రబంధములలోని నీవిని వ్యాఖ్యానించుట మాత్రము కూడదు.

6. క్రియ చెప్పు సాక్ష్యము

ఈ పదముల యర్థమును నిర్ణయించుటకు మన భాషలోనే ఒక కొలబద్ద కలదు. అది క్రియ. చీర కట్టుదురు, రవిక తొడుగుదురు, పైట వేయుదురు, ముసుగు కప్పుదురు, కుచ్చెళ్లు పోయుదురు, దోపుదురు. రూపము ముందే ఏర్పడియుండి అందు అవయవమును చొప్పించునప్పుడు తొడుగుట. గాజులను, ఉంగరమును, చెప్పులను తొడుగుదుము, రవికయు అట్టిదే. రూపము ఒంటిపైననే ఏర్పడునప్పుడు కట్టుట. కుట్టినదైనను పరికిణిని కట్టుదురనియు అందురు. దాని బొందును నడుమున ముడివేయుటయే అందులకు కారణము. చీరను శ్రద్ధ లేక ధరించినచో 'చుట్టుకొన్నది' అందురు. ఆ క్రియలో ఈసడింపు కలదు. 'కట్టుబొట్టు' అను జంటపదమున కట్టు నడవడికే చిహ్నమైనది.

నేటి వాడుకలో వేసికొనుట యను క్రియ తక్కినవానిని క్రమముగా మ్రింగుచున్నది. జాకెట్టు వేసికొందురు, డ్రెస్సు వేసికొందురు, లంగా వేసికొందురు. అయినను 'చీర వేసికొన్నది' అని తెలుగువారు అనరు. చీరకు కట్టు అను క్రియ ఇంకను కాపు కాయుచున్నది. నిఘంటువులో వస్త్రపదముప్రక్క దాని క్రియను చేర్చినచో సగమర్థము దానంతట నదియే తేలును.

7. కుట్టిన వస్త్రములు, వచ్చిన పదములు

చీర భాగములకు గల పేళ్లు చాలవఱకు మన భాషలో పుట్టినవి. కుట్టిన వస్త్రముల పేళ్లలో పెక్కు ఇరుగుపొరుగు భాషలనుండి వచ్చినవి. సంస్కృతకూర్పాసము మనకు కుప్పసమైనది. లంగా హిందీ లహంగాకు రూపాంతరము. ఓణి ఓఢనీకి దగ్గఱిది. జాకెట్టు, బ్లౌజు ఆంగ్లమునుండి వచ్చినవి. బొత్తాము, కాజా పోర్చుగీసునుండి వచ్చినవి. ఇవి భాషకు కళంకములని కొందఱి యభిప్రాయము. మేము ఏకీభవింపము. కత్తెరయు సూదియు దర్జీయు ఏ త్రోవను వచ్చిరో వారి మాటలును ఆ త్రోవనే వచ్చును. అంతకంటె ముఖ్యముగా, వచ్చిన పదములను మన స్త్రీలు తమ యవసరమునుబట్టి పంచుకొన్న తీరు పరిశోధింపదగినది.

రవికనే చూడుడు. పట్టణములలో నిత్యవ్యవహారమున జాకెట్టు, బ్లౌజు దానిని త్రోసివేసినవి. కాని పేరంటమునకు వచ్చిన ముత్తైదువకు తాంబూలముతో పెట్టునది నేటికిని రవికలగుడ్డయే. దానిని కుట్టించి తొడుగువారు తక్కువ; చేతులు మాఱుచు ఇల్లిల్లు తిరుగును. వస్త్రము పోయినను మర్యాద పోలేదు గనుక పదము మర్యాదలో నిలిచినది. ఉబ్బిన పొట్టిచేతులకు బుట్టచేతులని పేరు పెట్టినది మన భాషయే. కొత్త కత్తిరింపునకు ఇంటిలోని బుట్ట పోలిక యైనది.

లంగా మఱియొక చిక్కు. కొన్నియెడల అది కన్నెపిల్ల పైకి కట్టు పరికిణి. కొన్నియెడల చీరలోపలి పావడ. ఒక వస్తువునకు ప్రాంతమునుబట్టి పరికిణి, పావడ, లంగా అను మూడు పేళ్లుండగా, ఒక పేరే రెండు వస్తువులకు చెల్లుచున్నది. ప్రాంతము చెప్పక అర్థము చెప్పుట ఇచ్చట అసాధ్యము. పరికిణీ ఓణీలను నేడు హాఫ్‌శారీ యనుచున్నారు. తెలుగుపేరు రెండు బట్టలను ఉన్నవున్నట్లు చెప్పగా, కొత్తపేరు దానిని చీరలో సగముగా కొలుచుచున్నది.

చుడీదారు చరిత్ర యింతకంటె ఆసక్తికరము. చూడీ యనగా గాజు. చీలమండలకడ గాజులవలె ముడుతలు పడు బిగుతైన కాలితొడుగునకు అది పేరు. తెలుగున అది చున్నీతో సహా వేషమునంతటిని చెప్పుచున్నది. ఏకదేశము సమస్తమునకు పేరైనది. నీవి ముడినుండి కట్టుకు ప్రాకిన తీరును ఇదియే. కాని చుడీదారునకు ఆ యర్థము నిచ్చినవారు దానిని ధరించు స్త్రీలు, నీవికి ఆ యర్థము నిచ్చినవారు గ్రంథకర్తలు. పదముల ప్రామాణ్యమును తూచునప్పుడు ఈ భేదమును మఱువరాదు.

8. చేయవలసినది

వస్త్రపదమునకు అర్థము వ్రాయునప్పుడు నాలుగు విషయములను చెప్పవలెనని మా ప్రతిపాదన. అది బట్టకు పేరా, బట్టలోని భాగమునకా, ఒంటిపై చోటునకా యనునది మొదటిది. దానితో కలియు క్రియ రెండవది. ఏ ప్రాంతమున, ఏ వయసువారు, ఏ సందర్భమున ధరింతురనునది మూడవది. ఆ వస్తువు నేడున్నదా, పదము మాత్రమే మిగిలినదా యనునది నాల్గవది. ఈ నాల్గిటితో పోకముడికి అర్థము వ్రాసినచో ఇట్లుండును: లోపావడ లేని కట్టులో చీరను నడుముముందు మెలివేసి వేయు ముడి, కుచ్చెళ్లకు ఆధారము, వదలుట, బిగించుట క్రియలు, లోపావడ బొందు వచ్చుటతో వాడుక తగ్గినది. 'చీరముడి' యను నర్థమునకును దీనికిని గల యంతరమును చదువరులే గ్రహింతురు.

ఈ పనికి గ్రంథాలయము ఒక్కటి చాలదు. పరిశోధకవిద్యార్థులు నేతగానిని, దర్జీని అడుగవలయును. అంతకంటె ముందు తమ యింటి పెద్ద స్త్రీలను అడుగవలయును. వారు చెప్పుటతో ఆగక, కట్టి చూపుమని కోరవలయును. ఏలయన ఈ పదములలో పెక్కు నోటికంటె ముందు చేతికి వచ్చును. మాకు పోకముడిని చూపిన వృద్ధురాలు ఆ పదము నెఱుగదు. ఆమెకు తెలిసినది ముడి; మాకు తెలిసినది మాట. ఆ రెండును ఒకచో చేరినపుడే అర్థమైనది. ఆ ముడి వేయగల చేతులు ఏటేట తగ్గుచున్నవి. అవి యుండగనే అడుగుట మన కర్తవ్యము.